మిర్యాలగూడ మిల్లు దగ్గర బాబాయి

ఆ రోజుల్లో మా చెవులు ఉమ్మడి కాపురం చేసేవి. ఒక పుస్తకం వినాలంటే నలుగురం కలిసి వినాల్సిందే, మిగిలిన ముగ్గురి గొణుగుళ్ళూ భరించాల్సిందే. ఇప్పుడు ఎవరి చెవులు వాళ్ళవి. మిర్యాలగూడ నుంచి మాడుగులపల్లి వైపు బడికి పోతూ వస్తూ నేనొక్కదాన్నే కారు నడుపుకుంటూ పేరున్న పాత నవలలూ, రాజుల చరిత్రలూ వింటుంటాను. వినీ వినీ అలసిపోయాననే చెప్పాలి. నవల చదివే ఆయన (ఎక్కడ విన్నా ఆయనే అనిపిస్తుంది) ఆడవాళ్ళ మాటలు వచ్చేసరికి గొంతు సన్నం చేస్తాడు. దాంతో కథానాయిక దగ్గర్నుంచి ఆమె అత్తగారి దాకా అందరికీ ఒకేసారి జలుబు చేసినట్టుంటుంది. ముసలివాళ్ళయితే దగ్గకుండా ఒక్క మాటా మాట్లాడరు. నాలుగు చినుకులు పడితే చాలు, వెనక వీణ మొదలు. చరిత్ర పుస్తకాలది ఇంకో బాధ. ఏ శతాబ్దమైనా అదే గుర్రం పరిగెడుతుంది. ప్రతి అధ్యాయం చివరా 'కానీ పాపం, ఆయనకు తెలియదు...' అంటూ ఆపేస్తారు. తెలియనిదేముంది, పొద్దున మొదలుపెట్టిన రాజు సాయంత్రానికి పోతాడని నాకు తెలుసు. స్టాఫ్‌రూములో కొత్తగా చేరిన పిల్లలు "ఏది బాగుంటది మేడం, జర చెప్పరాదు" అని అడుగుతుంటారు. నేను నీరసంగా ఏదో ఒక పేరు చెబుతాను. పుస్తకం బాగుందా లేదా అన్నది పక్క సీట్లో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుందని నా అసలు అభిప్రాయం. అది ఎలా ఏర్పడిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చి హుజూర్‌నగర్ దగ్గర ఒక ఊళ్ళో ఇంగ్లీషు టీచరుగా వేశారు. ఉండేదేమో సూర్యాపేటలో పిన్ని వాళ్ళింట్లో. బస్సెక్కితే కోదాడలో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి, అది దిగాక ఆటో, ఆటో దిగాక నడక. బడికి చేరేసరికి నేను పాఠం చెప్పే మనిషిలా కాక, ఎవరో తరిమితే వచ్చి తలదాచుకున్న మనిషిలా ఉండేదాన్ని. అలాంటి సమయంలో మా బళ్ళోనే పనిచేసే సోషల్ సార్ తన కారులో వెనక సీటు ఇచ్చాడు. ఆ సీటు దొరకడం ఉద్యోగం దొరకడం కంటే కష్టమని నాకు తర్వాత తెలిసింది. ముందు సీట్లో లెక్కల సార్ కూర్చునేవాడు. కూర్చునేవాడు అనడం మర్యాద కోసం, నిజానికి నిద్రపోయేవాడు. సూర్యాపేట దాటకముందే తల వాలిస్తే మళ్ళీ తన బడి ఉన్న చిలుకూరులోనే కళ్ళు తెరిచేవాడు. వెనక నా పక్కన హిందీ మేడం. మా అందరికంటే పెద్దది, ఆ ఏడాదితో రిటైర్మెంటు. ఆమె అందరికంటే ముందు, మునగాల దగ్గర దిగి అక్కణ్ణుంచి లోపలి ఊరికి ఆటోలో పోయేది.

మొదట్లో కారులో పుస్తకాలూ లేవు, పాటలూ లేవు. పీఆర్సీ ఉండేది. జీతాలు ఎంత పెరగాలో సోషల్ సార్ మొదలుపెడితే లెక్కల సార్ నిద్రలోనే తప్పులు దిద్దేవాడు. నెల రోజులు అది విన్నాక నాకు జీతమే వద్దనిపించింది. ఒకరోజు తెగించి నా పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అందులో ఒక పాత నవల, నాలుగైదు చరిత్ర పుస్తకాలు ఉన్నాయి. (నవల పేరు చెప్పను. దాన్ని ప్రేమించేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను దాన్ని ఏం చేశానో తెలిస్తే నన్ను వదలరు.) పెద్ద చర్చ జరిగి ఒప్పందం కుదిరింది. పొద్దున పోయేటప్పుడు నవల, వచ్చేటప్పుడు చరిత్ర. ఒక్క షరతు మాత్రం సోషల్ సార్ గట్టిగా పెట్టాడు. వెనక్కి తిప్పేది లేదు.

"ఒకసారి విన్నది మళ్ళ వింటే నాకు నిద్రొస్తది చెల్లె. స్టీరింగ్ నా చేతుల్ల ఉంది. ఇగ మీ ఇష్టం," అన్నాడు.

ఎవరికీ ఏ ఇష్టమూ లేకపోయింది. సాయంత్రాల చరిత్ర అంతా సోషల్ సార్‌కూ ఆ చదివే ఆయనకూ మధ్య తగాదాగా నడిచేది. "చూసినట్టే చెప్తడు సూడు! నువ్వు కోట గోడ మీద నిలబడ్డవా? ఎవడు చెప్పిండు నీకు రాజు కళ్ళల్ల నీళ్ళు తిరిగినయని?" అని స్టీరియోను నిలదీసేవాడు. అది జవాబు చెప్పకుండా యుద్ధంలోకి దిగేది. సార్‌కు కోపం వస్తే కారు వేగం పెరిగేది, కాబట్టి మేము శాంతి ఒప్పందాలున్న అధ్యాయాల కోసం ఎదురుచూసేవాళ్ళం. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆ యుద్ధాలన్నీ మిట్టమధ్యాహ్నం ఎండలో జరిగేవి. ఏసీ పనిచేయదు. సగం సైన్యం దాహంతో పోయిందని చెబితే మాకు వెంటనే నమ్మకం కుదిరేది.

పొద్దున నవల మాత్రం అందరికీ పట్టింది. అది గోదావరి వైపు కథ. అందులో కథానాయకుడికి ఒక బాబాయి ఉంటాడు. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఎడ్లబండి తోలుకుంటూ, అన్నగారింటి వడ్లకూ వియ్యాలకూ తనే కాపలా అనుకుంటూ, దొరికిన వాళ్ళనల్లా ఆటపట్టిస్తూ తిరుగుతుంటాడు. (సోషల్ సార్ ఆయన్ని చిన్నాయిన అనేవాడు. గోదావరి వాళ్ళ మాటను తన కారులోకి రానివ్వడం ఆయనకిష్టం లేదు.) ఆ బాబాయి మొదటిసారి నోరు తెరిచిన రోజు హిందీ మేడం నవ్వింది. మామూలుగా కాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అచ్చం మా సార్ లెక్కనే మాట్లాడుతుండు. గట్లనే, ఎదుటోళ్ళను నవ్విచ్చి తను నవ్వకపోయేది," అంది. వాళ్ళ సార్ అంటే ఆమె భర్త. సూర్యాపేట మార్కెట్ యార్డులో పనిచేసేవాడు. రోజూ స్కూటరు మీద ఆమెను బస్టాండులో దింపేవాడట. ఆయన పోయి ఏడాది దాటింది, అప్పటి నుంచే ఆమె ఈ కారులో వస్తోంది. ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారని ఆ సాయంత్రం సోషల్ సార్ నాతో చెప్పాడు.

మునగాలలో దిగిపోయే మేడంకు రోజూ కథ సగమే దక్కేది. వెనక్కి తిప్పేది లేదు కనుక, మిగతా సగం మర్నాడు పొద్దున కారు బయల్దేరగానే నేను చెప్పాలని తీర్మానమైంది. కారులో అందరికంటే చిన్నదాన్ని నేను, ఈ పని ఇంకెవరు చేస్తారు. మేడం ఎక్కగానే హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని "ఇగ చెప్పు బిడ్డా, మన బండాయన ఏం జేసిండు?" అనేది. కథానాయకుడి గురించి గానీ, జలుబు గొంతుతో మూడు అధ్యాయాలుగా ఏడుస్తున్న కథానాయిక గురించి గానీ ఎన్నడూ అడగలేదు. బాబాయి ఎవరినేమన్నాడో, ఏం తిన్నాడో చెబితే సంతోషంగా తలాడించి కిటికీలోంచి బయటికి చూసేది. అప్పుడప్పుడు ఆయన అనని మాటలు కూడా ఒకటి రెండు కలిపి చెప్పేదాన్ని. మంచి వినేవాళ్ళు దొరికితే ఎవరికైనా చేయి జారుతుంది.

ఇలా ఉండగా ఒక పొద్దున, మేడం మునగాలలో దిగిపోయి, మేము కోదాడ బైపాస్ దగ్గరికి వచ్చేసరికి ఆ రచయిత బాబాయిని చంపేశాడు. ముందు ఒక దగ్గు లేదు, జ్వరం లేదు. ఎడ్లకు నీళ్ళు పెట్టొస్తానని పోయినవాడు చెరువు గట్టు మీద కూలబడ్డాడు, అంతే. వీణ కూడా మోగలేదు. సోషల్ సార్ స్టీరియో ఆపేసి, కారు పక్కకు తీసి ఒక టీ కొట్టు ముందు ఆపాడు. లెక్కల సార్ నిద్రలోనే ఉన్నాడు. మేమిద్దరం దిగి నిలబడ్డాం. మా మొహాలు చూసి టీ కొట్టాయన (కోదాడ వచ్చేసరికి మాటలో అండీ చేరిపోతుంది) మెల్లగా అడిగాడు.

"ఏంటి సార్, అలా ఉన్నారు? ఎవరైనా పోయారా అండీ?"

"మా చిన్నాయిన," అన్నాడు సోషల్ సార్.

"అయ్యయ్యో. ఎప్పుడండీ?"

"ఇప్పుడే. గీ బైపాస్ కాడ."

ఆయన బిత్తరపోయి రోడ్డు వైపు చూశాడు. తర్వాత మా టీలో చక్కెర ఎక్కువే వేశాడు. సార్ రెండు గుక్కలు తాగి నా వైపు తిరిగి అన్నాడు. "మేడంకు చెప్పొద్దు చెల్లె. ఇగ నెల రోజులల్ల రిటైర్ అయితది. ఆ నవ్వు ఇప్పుడిప్పుడే వస్తుంది ఆమెకు. అది నా కారుల ఖతం కావద్దు."

నాకూ అదే అనిపించింది. ఆమె ఏదో ఒక బండివాడి మాటలకు నవ్వడం మా ఇద్దరికీ ఎందుకంత ముఖ్యమైపోయిందో అప్పుడు ఆలోచించలేదు. కథలో చచ్చిన మనిషి కోసం నిజంగా బాధపడటం సిగ్గుగా కూడా అనిపించింది.

మర్నాడు మేడం ఎక్కింది, బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది, అడిగింది. రాత్రంతా ఆలోచించి నేనొక జవాబు సిద్ధం చేసుకున్నాను. నేను నోరు తెరిచేలోపే స్టీరింగ్ దగ్గర్నుంచి సోషల్ సార్ అందుకున్నాడు. "ఆయన ఊళ్ళ లేడు మేడం. వడ్లు తీస్కొని మిర్యాలగూడ పోయిండు."

"మిర్యాలగూడకా?" అంది మేడం. "గోదావరి కాడికెంచి? ఎడ్లబండి మీద?"

"మన కాడ రేటు మంచిగ పలుకుతదని ఎవరో చెప్పిన్రట," అని అద్దంలోంచి నా వైపు చూసి, "మిగతాది ఇంగ్లీష్ మేడం చెప్తది. వాళ్ళ ఊరే కద," అని బాధ్యత నా మీదికి నెట్టేశాడు.

నిజమే, మిర్యాలగూడ మా ఊరు. కోతల కాలంలో మిల్లుల ముందు ట్రాక్టర్లు ఎలా బారులు తీరతాయో, టోకెన్ కోసం రైతులు వడ్ల మీదే టార్పాలిన్ పట్టా కప్పుకుని ఎలా పడుకుంటారో చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని. ఆ బారులో, ఎర్రటి ట్రాక్టర్ల మధ్య, ఎప్పటి కాలం వాడో అయిన బాబాయిని ఎడ్లబండితో సహా నిలబెట్టాను. "టోకెన్ రాలేదు మేడం. లైన్లో ఉన్నాడు," అన్నాను. ఆ ఒక్క మాటతో బతికిపోయామనుకున్నాను. మేడం అడిగింది.

"తేమ సూసిన్రా మరి?"

మార్కెట్ యార్డు మనిషి భార్య! వడ్లలో తేమ ఎక్కువుంటే మిల్లువాళ్ళు తీసుకోరని ఆమెకు తెలియనిదా. నేను "చూశారు మేడం, ఎక్కువుందన్నారు," అన్నాను. "గట్లయితే ఆరబోయాలె. నాలుగు దినాలన్న పడ్తది," అని ఆమే తేల్చింది. నేను పెద్ద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాను. ఆ నాలుగు రోజులూ బాబాయి రోడ్డు మీద వడ్లు ఆరబోశాడు. అయిదో రోజు మేడం "మబ్బు పట్టింది కద నిన్న, పట్టాలు కప్పిండా?" అని అడిగింది. కప్పలేదన్నాను, తెలివితక్కువగా. దాంతో వడ్లు తడిసి మళ్ళీ మొదటికొచ్చాయి.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు నొప్పులు వస్తాయి. బళ్ళో పరీక్ష పేపర్లు దిద్దడం, ఇంట్లో పిన్ని సంబంధాలు చూడటం, వీటి మధ్య చచ్చిపోయిన మనిషిని రోజూ పొద్దున్నే లేపి మిల్లు ముందు నిలబెట్టడం. నవలలు రాసేవాళ్ళ మీద నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. అంతకుముందు మనుషుల్ని ఊరికే చంపుతారేమిటని తిట్టుకునేదాన్ని. బతికించి ఉంచడం ఎంత చాకిరీయో చేస్తే తెలిసింది. వాడికి అన్నం పెట్టాలి, ఎడ్లకు గడ్డి వెయ్యాలి, రోజుకొక కొత్త మాట అనిపించాలి. స్టీరియోలో మాత్రం ఆయన లేని నవల తన దారిన తాను పోతోంది. మేడం ఎక్కినప్పటి నుంచి మునగాల దాకా ఎవరైనా ఆయన పేరెత్తుతారేమోనని నాకు ఒకటే భయం. పేరు వినిపించేలా ఉంటే సోషల్ సార్ హారన్ కొట్టేవాడు. ముందు ఒక్క బండి లేని హైవే మీద ఆ హారన్ విని పొలాల్లో మేకలు తలెత్తి చూసేవి. "కుక్క అడ్డమొచ్చింది," అనేవాడు. ఆ నెలలో మా దారిలో ఎన్ని కుక్కలు అడ్డమొచ్చాయో లెక్క లేదు. మేడం మాత్రం రోజూ నవ్వుతూనే ఉంది. మిల్లు గుమాస్తాతో బాబాయి పడిన గొడవ చెప్పిన రోజయితే (అది మా మేనమామ పడిన గొడవే, పేరు మార్చానంతే) ఆయాసం వచ్చేదాకా నవ్వింది.

బడికి ఆ ఏడాది ఆఖరి రోజు వచ్చింది. మేడంకు కూడా కారులో అదే ఆఖరి పొద్దు. నవలలో ఒక్క అధ్యాయమే మిగిలింది. అందులో ఏముందో ముందే విని చూసుకుని నేను కుప్పకూలిపోయాను. అధ్యాయమంతా ఆయన గురించే. సోషల్ సార్ కారు తీస్తూనే "ఇయ్యాల చరిత్ర పెడుదామా మేడం, మంచి యుద్ధం ఉన్నది," అన్నాడు, యుద్ధమంటే మేడంకు ప్రాణమైనట్టు. "లేదు సార్, నవలనే పెట్టుండ్రి. ఇగ మళ్ళ ఎప్పుడింట నేను," అంది ఆమె. పెట్టక తప్పలేదు. చదివే ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. బాబాయి ఎడ్లను ఆ తర్వాత ఎవరూ బండికి కట్టలేదన్న వాక్యం వచ్చేసరికి సార్ హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. ఆ మోతకు లెక్కల సార్ ఉలిక్కిపడి లేచాడు. కారులో కూర్చున్న అన్ని నెలల్లో చిలుకూరు రాకముందే ఆయన కళ్ళు తెరవడం అదొక్కసారే.

"ఏందయ్యా గా లొల్లి? వాళ్ళ చిన్నాయిన ఎప్పుడో సచ్చిపోయిండు కద. చెరువు కట్ట మీద," అన్నాడు.

సార్ హారన్ మీది నుంచి చెయ్యి తీశాడు. ఈ కుట్రలో లెక్కల సార్‌ను కలుపుకోవాలని మా ఇద్దరికీ తోచనే లేదు. నిద్రపోయే మనిషి ఏం వింటాడనుకున్నాం. నేను మేడం మొహం చూడలేక నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. ఆమె ఇప్పుడు ఏడిస్తే అది నా వల్లేనని, రిటైరయ్యే రోజున ఆమెకు ఇదా మేమిచ్చేదని లోపల కుమిలిపోతున్నాను. ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నాకు ఎరుకే బిడ్డా," అంది. "గీ నవల నేను ఇంటర్ సదివేటప్పుడే సదివిన. సూర్యాపేట లైబ్రరీల. ఆయన సచ్చిపోయే కాడ పేజీ మీద కన్నీళ్ళు పడ్తే లైబ్రరీ సార్ తిట్టిండు కూడ."

"మరి చెప్పలేదేంది మేడం!" అన్నాడు సోషల్ సార్, పాపం, ఏడుపు గొంతుతో.

ఆమె రోడ్డు వైపు చూస్తూ అంది. "మా సార్ పోయినంక మా ఇంట్ల ఆయన పేరు ఎవ్వరు ఎత్తరు సార్. నేను ఏడుస్త అని. కొడుకు ఎత్తడు, కోడలు ఎత్తది. ఆయన కుర్చీ కూడ తీసి లోపట పెట్టిన్రు. మీరేమో పోయిన మనిషిని దినాం పొద్దుగాల లేపి వడ్లు ఆరబోపిస్తున్నరు. తేమ గురించి, పట్టాల గురించి నేను ఎవ్వరితోని మాట్లాడి ఏడాది దాటింది. మిమ్ముల నేనెందుకు ఆపుత?"

తేమా, ఆరబోయడమూ, మబ్బూ, పట్టాలూ ఒక్కొక్కటీ ఆమె అందించిందేనని అప్పుడు తట్టింది నాకు. కథ నేను చెబుతున్నాననుకుని నెల రోజులు అలసిపోయాను, సగం ఆమే చెప్పింది. లెక్కల సార్ ఏం జరిగిందో అర్థంకాక అందరినీ చూసి, మళ్ళీ నిద్రపోవడమే మంచిదనుకుని కళ్ళు మూసుకున్నాడు. మునగాల వచ్చింది. మేడం బ్యాగు భుజాన వేసుకుని దిగి, తలుపు వెయ్యకుండా నిలబడింది.

"ఇంతకు మన బండాయన ఏడున్నడు ఇప్పుడు?" అని అడిగింది.

ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియదు. "లైన్లనే ఉన్నడు మేడం," అన్నాను. "టోకెన్ ఇంకా రాలే."

"తొందరేం లేదు. ఉండనియ్యి," అని తలుపు వేసి ఆటో వైపు నడిచిపోయింది.

తర్వాత నాకు పెళ్ళయింది, బదిలీ అయింది, సొంత కారు వచ్చింది, ఎన్ని పుస్తకాలు విన్నానో. మేడంను మళ్ళీ కలవలేదు. సోషల్ సార్ ఎప్పుడన్నా ఫోన్ చేస్తే ఇద్దరం పీఆర్సీ గురించి మాట్లాడుకుంటాం. ఎండాకాలంలో యాసంగి పంట కోతలప్పుడు మా ఊరి మిల్లుల ముందు ట్రాక్టర్లు కిలోమీటరు పొడవున ఆగి ఉంటాయి, బడికి ఆలస్యమవుతుంది. నేను విసుక్కుంటూ, స్టీరియోలో ఏదో రాజ్యం కూలుతుంటే దాన్ని ఆపేసి, ఆ బారు వెంబడి నెమ్మదిగా పోతాను. ఇంత వయసొచ్చి, ఇన్నేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతూ, ట్రాక్టర్ల మధ్య ఎక్కడన్నా ఒక ఎడ్లబండి కనపడుతుందేమోనని చూసుకుంటూ పోతాను.